నలభై ఏడో నంబరు ముళ్లపొద

నేను ఒక పోస్టుకార్డును. ఒకవైపు ఊరి బొమ్మ, ఇంకోవైపు ఉత్తరం. పొడవు అయిదున్నర అంగుళాలు, వెడల్పు మూడున్నర. నేను పుట్టిన రోజుల్లో ఇంగ్లండులో నాలాంటివాళ్లు వారానికి లక్షల్లో పుట్టి, ఏడాది తిరక్కుండా లక్షల్లో పొయ్యిపాలయ్యేవాళ్లు. నన్నూ రెండుసార్లు పొయ్యి దాకా తీసుకెళ్లారు. రెండుసార్లూ చివరి క్షణంలో చెయ్యి ఆగింది. ఎందుకు ఆగిందో చెప్పాలనే ఇదంతా.

కాగితం జాతికి సొంత భాషంటూ ఉండదు. ఏ సిరా పోస్తే ఆ మాట. అందుకే ఆ లోయ మనుషుల మాటలు మీ మాటల్లోనే వినిపిస్తాను.

1908 మే పన్నెండు, మంగళవారం మధ్యాహ్నం. ఉత్తర ఇంగ్లండులో వెదర్‌బెక్ అనే ఊరికి పడమట ఉన్న దిబ్బ మీద ఒక మనిషి చెమట తుడుచుకుంటూ నిలబడ్డాడు. పేరు ఆల్బర్ట్ క్రాబ్‌ట్రీ. వృత్తి ఫొటోలు తీయడం. పక్కన సైకిలు, ఎదురుగా మూడుకాళ్ల కెమెరా, సంచిలో ఆరు గాజు ప్లేట్లు. ఊరూరా తిరిగి చర్చిని, వంతెనను, సత్రాన్ని ఫొటోలు తీసి, కార్డులు అచ్చువేసి, ఆ ఊరి పోస్టాఫీసులోనే అమ్మకానికి పెట్టడం ఆయన పని. తెల్లవారి లేస్తే కళ్లెదుట ఉండే వంతెననే జనం కొనుక్కుని, పక్క ఊళ్లో ఉన్న చెల్లెలికి పంపేవాళ్లు. ఆ చెల్లెలూ ఆ వంతెన మీదుగానే అత్తవారింటికి వెళ్లి ఉంటుంది. మనుషుల లెక్క నాకు అప్పుడే అంతుపట్టలేదు.

అయిదు ప్లేట్లు అయిపోయాయి. ఆరోది మిగిలింది. దాని మీద ఊరి మొత్తం దృశ్యం పడాలి. కానీ సూర్యుడికి మబ్బు అడ్డం. క్రాబ్‌ట్రీ మబ్బునే చూస్తున్నాడు. మబ్బు జరిగింది. కెమెరా మూత తీశాడు. ఒకటి, రెండు అని లెక్కపెడుతూ పొలం వైపు చూశాడు.

పొలంలో నలుగురు మనుషులు ఒక శవపేటికను మోసుకొస్తున్నారు. సరిగ్గా అప్పుడే దాన్ని కిందికి దించి, టోపీలు తీసి, కదలకుండా నిలబడ్డారు. వాళ్ల వెనక ఇరవైమంది. కదిలేవాళ్లయితే ప్లేటు మీద మసకగా పడేవాళ్లు. కదల్లేదు కాబట్టి ఒక్కొక్కరూ చెక్కినట్టు పడ్డారు. పెట్టె తలవైపు ఒక స్త్రీ వంగి ఉంది.

ఆ రాత్రి తన ఊళ్లో, వంటింటి వెనక చీకటి గదిలో, క్రాబ్‌ట్రీ భార్య హన్నా ఆ ప్లేటు నుంచి ఒకే ఒక్క కార్డు మచ్చుకు తీసింది. అది నేను. నీళ్లలోంచి నన్ను పైకెత్తి, దీపం దగ్గర పెట్టి చూసింది.

"ఏమయ్యా, ఏమిటిది?"

"వెదర్‌బెక్. పడమటి నుంచి."

"ఊరు సరే. ముందు శవం ఉందిగా."

"నన్ను అడిగి వచ్చిందా?"

"పుట్టినరోజు శుభాకాంక్షలు రాసి దీన్ని ఎవరు పంపుకుంటారు చెప్పు."

"మిగిలింది ఆ ఒక్క ప్లేటే. మళ్లీ ఇరవై మైళ్లు సైకిలు తొక్కమంటావా?"

"నువ్వేం తొక్కక్కర్లేదు. ఆ చాకు ఇటివ్వు."

గాజు ప్లేటు మీద చాకుతో గీకిన చోటు కాగితం మీద నల్లగా పడుతుంది. ఆ విద్యలో హన్నాను మించినవాళ్లు లేరు. ఆమె చాకు మొనతో పెట్టెను గీకింది, మోసేవాళ్లను గీకింది, వంగిన స్త్రీని గీకింది. అయిదుగురు మనుషులూ ఒక పెట్టే కలిసి చిక్కటి ముళ్లపొదగా మారిపోయారు. వెనకున్న ఇరవైమందీ దారి పొడవునా బారుగా నిలబడి ఉన్నారు కదా, వాళ్లను చెరిపేసరికి దారి కూడా చెరిగిపోయింది. చివరికి అడుగున తెల్లటి అక్షరాలతో పేరూ నంబరూ రాసింది: వెదర్‌బెక్, పడమటి నుంచి, 47. పొద చాలా అందంగా వచ్చింది. నా తర్వాత అచ్చయిన వందలాది చెల్లెళ్లందరూ ఆ పొదతోనే పుట్టారు.

మచ్చు కార్డుతో ఇక పని లేదు. హన్నా పొయ్యి మూత తీసింది. నన్ను లోపల పడేయబోతూ మరోసారి చూసింది.

"ఎవరట పోయింది?"

"పై పల్లె స్కేల్‌రిగ్‌లో టైసన్ అనే పెద్దాయన. ఆ పల్లెకు చర్చీ లేదు, సమాధుల దొడ్డీ లేదు. ఎవరు పోయినా మూడు మైళ్లు ఈ పొలాలకు అడ్డంపడి మోసుకురావాల్సిందే. ఆ వంగిందే, ఆవిడ కూతురు ఎలెన్."

హన్నా పొయ్యి మూత వేసేసింది. కలం తీసి నా వెనక రాసింది: "మిస్ ఎలెన్ టైసన్‌కు, స్కేల్‌రిగ్. ఈ నెల పన్నెండున, మీ నాన్నగారు. ఇలాంటిది ఇంకొకటి లేదు. హెచ్.సి." శవం అన్న మాట రాయలేదు. మర్యాదస్తురాలు. ఆ మర్యాద డెబ్బై ఏళ్ల తర్వాత ఎంత చిక్కు తెచ్చిపెట్టిందో ఆమెకు తెలియదు.

ఎలెన్ నన్ను గోడ గడియారం వెనక దాచుకుంది. నలభై మూడేళ్లు. గంట కొట్టినప్పుడల్లా నా వెన్ను అదిరేది. ప్రతి శనివారం గడియారానికి కీ ఇస్తూ నన్ను బయటికి తీసేది, చూసేది, మళ్లీ వెనక్కి తోసేది. ఎవరికీ చూపించలేదు. ఒక్కసారి మాత్రం ఆమె అన్నకూతురు డొరతీ, అప్పటికి పదేళ్ల పిల్ల, కుర్చీ ఎక్కి నన్ను లాగింది. ఎలెన్ ఆ పిల్ల చేతి మీద ఒక్కటి వేసి నన్ను లాక్కుంది. ఆ పిల్ల ఒక్క చూపే చూసింది. ఆ ఒక్క చూపూ మరిచిపోలేదు.

ఈలోగా లోయలోకి తారురోడ్డు వచ్చింది. స్కేల్‌రిగ్‌లో చనిపోయినవాళ్లు మోటారు బండిలో ఏడు మైళ్లు చుట్టు తిరిగి చర్చికి వెళ్లడం మొదలైంది. పొలాల దారిన పోయేవాళ్లు తగ్గారు. నడిచేవాడు లేకపోతే గడ్డి ఊరుకుంటుందా? మూసేసింది.

1951లో గడియారం బాగు చేయించడానికి పంపిస్తూ ఎలెన్ నన్ను పండ్ల జాములు చేసే విధానం చెప్పే పుస్తకంలో పెట్టింది. గడియారం తిరిగొచ్చేలోపు ఎలెన్ పోయింది. ఇల్లు డొరతీకి వచ్చింది. నేను నేరేడు జాముకూ రేగు జాముకూ మధ్య ఇరవై ఒక్క ఏళ్లు ఇరుక్కుని ఉన్నాను. డొరతీకి జాము చేయడం చేతకాదు. ఆ పుస్తకం ఒక్కసారి తెరిచి ఉంటే ఈ కథే ఉండేది కాదు.

1972లో చర్చివాళ్లు పాతసామాన్ల అమ్మకం పెడితే డొరతీ ఓ పెట్టెడు పుస్తకాలు ఇచ్చేసింది. బల్ల మీద పరిచిన పుస్తకాలను ఒక పొడుగాటి మనిషి తిరగేస్తున్నాడు. జాము పుస్తకం తెరిచాడు. నా మూల కనబడింది. ఆయన వేళ్లు ఆగిపోయాయి. మెల్లిగా పుస్తకం మూసి, మొహంలో ఏ భావమూ లేకుండా, జాము మీద తనకు చిన్నప్పటి నుంచి ఆసక్తి అని బల్ల దగ్గరున్న ఆవిడకు చెప్పి కొనుక్కుపోయాడు. పాత కార్డులు పోగుచేసేవాళ్ల పద్ధతి అదే. దొరికినప్పుడు అరవరు. ఇల్లు చేరాక అరుస్తారు.

ఆయన పేరు గ్రెగరీ స్టాంటన్. నగరంలో తివాచీల వ్యాపారం అమ్మేసుకుని వచ్చి, చర్చి ఎగువన ఉన్న పొలమంతా కొన్నాడు. ఆ పాత ఊరంటే ఆయనకు పిచ్చి. వెదర్‌బెక్ బొమ్మ కార్డులు మూడు వందలకు పైగా సంపాదించి, నాలుగు ఆల్బంలలో నంబర్ల వరసన పెట్టుకున్నాడు. ఒకే నంబరు కార్డులు రెండు దొరికితే రెండింటినీ ఒకే అరలో, ఒకదాని వెనక ఒకటి పెట్టాలి. అది కార్డులు పోగుచేసేవాళ్ల నియమం. నా అడుగున నంబరు లేకపోయినా ఆయనకు బొమ్మ చూడగానే తెలిసిపోయింది. నన్ను నలభై ఏడో నంబరు వెనక, నా చెల్లెలి వీపుకు ఆనించి పెట్టాడు. అలా ముళ్లపొద వెనక చేరాను.

మొదట్లో ఆయన దృష్టంతా నా అంచుల మీదే. అయిదేళ్ల తర్వాత, ఆ పొలంలో తుపాకీ వేట కోసం వేటకోళ్లను పెంచడం మొదలుపెట్టి, మనుషులు నడిస్తే అవి బెదురుతున్నాయని పొలం గేటుకు తాళం వేయించాక, ఒక సాయంత్రం నన్ను బయటికి తీసి భూతద్దం పెట్టాడు. పెట్టె చూశాడు. దారి చూశాడు. వంగిన స్త్రీని చూశాడు. లేచి వెళ్లి చలిమంట ముందున్న ఇనుప జల్లెడ పక్కకు జరిపాడు.

వేడి నా మూలకు తగిలింది. ఇంకో జానెడు దూరం. అప్పుడు నన్ను తిప్పి, వెనక రాత చదివాడు. ఇలాంటిది ఇంకొకటి లేదు.

కార్డులు పోగుచేసేవాడికి ఆ మాట చదివాక చెయ్యి ఆడదు. స్టాంటన్ జల్లెడ మళ్లీ అడ్డం జరిపి, నన్ను తెచ్చి మళ్లీ పొద వెనకే పెట్టేశాడు.

1978 సెప్టెంబరులో డొరతీ ఆయన ఇంటికి వచ్చింది. డెబ్బై ఆరేళ్లు, చేతిలో కర్ర. వెంట డాక్టర్ అనసూయ. తెనాలి పక్కన కొల్లిపర ఆవిడది. అయిదేళ్లుగా ఆ లోయకంతా ఆవిడే డాక్టరు. చీర మీద పొడుగాటి వానకోటు, కాళ్లకు రబ్బరు బూట్లు. ఆ వేషంలో గొర్రెల మధ్య నుంచి నడిచి వస్తుంటే మొదట్లో గొర్రెలతో పాటు ఊరూ తలెత్తి చూసేదట. ఇప్పుడు రెండూ మానేశాయి.

"కూర్చోండి మిస్ టైసన్" అన్నాడు స్టాంటన్.

"కూర్చుంటే మళ్లీ లేవలేను. ఒక్క మాట చెప్పిపోతా. ఆ గేటు తాళం తీయించండి."

"అది దారి కాదండీ. నా పొలం."

"మా తాత దాని మీదుగానే వెళ్లాడు."

"ఎక్కడికి?"

"చర్చి పక్కకి. తిరిగి రాలేదు."

డాక్టరు నవ్వు ఆపుకోవడానికి కిటికీ వైపు తిరిగింది.

"చూడండి, ఈ డాక్టరమ్మ నాకు ఇంకో చలికాలం అంతేనంది" అంది డొరతీ.

"నేనలా అనలేదు డొరతీగారూ."

"నోరనలేదు. మొహం అంది. నేను పోతే నన్ను బండిలో వేసి, కబేళా పక్కనుంచి, పెట్రోలు బంకు పక్కనుంచి ఏడు మైళ్లు ఊరేగిస్తారు. మా పాతవాళ్లందరూ మనుషుల భుజాల మీద వెళ్లారు స్టాంటన్‌గారూ. మా అమ్మానాన్నల్నే బండిలో పంపించాను. అప్పటికి బండి అంటే గొప్పని. ఆ తప్పు నా విషయంలో జరగనివ్వను. నాకు కావాల్సింది ఆ ఒక్కటే."

స్టాంటన్ మొహం నిజంగానే మెత్తబడింది. దానికే నాకు భయం వేసింది. చెడ్డవాడైతే తలుపు వేసేసేవాడు. ఈయన ఆల్బం తెచ్చాడు.

"నాకూ పాత ఊరంటే ప్రాణం మిస్ టైసన్. మీరే చూడండి. ఇది 1908 నాటిది. ఇదిగో పొలం. ఇందులో దారి ఎక్కడుంది? పొద ఉంది."

డొరతీ వేలు పొద మీద పెట్టింది. ఆ వేలికీ నాకూ మధ్య ఒక్క కార్డు మందం. ఆ వేలు నాకు తెలుసు. అరవై ఆరేళ్ల క్రితం కుర్చీ ఎక్కి నన్ను లాగిన వేలు అది. నాకు గొంతు లేదు, కాళ్లు లేవు. ఒంటి మీద కాస్త వంపు ఉంది, అంతే. ఆ వంపుతోనే నా చెల్లెల్ని పైకి తోశాను. ఆల్బం అర బిగుతుగా ఉంది.

"మా అత్త దగ్గర ఒక కార్డుండేది. గడియారం వెనక" అంది డొరతీ. "అందులో ఈ పొద లేదు."

"అది ఏదీ?"

"పోయింది. ఇల్లంతా వెతికాను."

"అయ్యో" అన్నాడు స్టాంటన్. ఆల్బం మూశాడు.

మేము చీకట్లో పడ్డాం. బయట కర్ర చప్పుడు మెట్లు దిగి దూరమైంది.

స్కేల్‌రిగ్ వాళ్లు అంతకుముందే పెట్టుకున్న అర్జీ మీద, అది ప్రజల దారి అవునో కాదో తేల్చే విచారణ అక్టోబరులో, గురువారం పొద్దున్న, ఊరి హాల్లో జరిగింది. విచారణాధికారి హార్‌గ్రీవ్ అనే బట్టతల మనిషి. తడిసిన గొడుగు కుర్చీకి తగిలించి కూర్చున్నాడు. స్టాంటన్ లాయర్ని పెట్టుకోలేదు. ఊరి చరిత్ర తనకంటే ఎవడికి తెలుసునని ఆయన ధీమా. ఆల్బం తెచ్చాడు. నన్ను తీయకుండానే తెచ్చాడు.

ఎందుకు తీయలేదని అడుగుతారేమో. అక్కడే ఉంది కార్డులు పోగుచేసేవాళ్ల గుడ్డితనం. ఒకరి ఆల్బంలోంచి ఇంకొకరు కార్డు బయటికి లాగడం వాళ్లలో మహా అమర్యాద. చూస్తారు, మెచ్చుకుంటారు, పేజీ తిప్పుతారు. లోకమంతా ఆ మర్యాద పాటిస్తుందని స్టాంటన్ నమ్మాడు. పైగా నంబరు వరస చెడగొట్టాలంటే ఆయనకు ప్రాణం ఒప్పదు.

హాల్లో ముప్పైమంది ఉన్నారు. స్కేల్‌రిగ్ వాళ్లు తాము నడిచామన్నారు. స్టాంటన్ అది హక్కు కాదు, పాత రైతు దయతలచి నడవనిచ్చాడంతే అన్నాడు. మ్యాపుల్లో గీత లేదు. పాతవాళ్లు మిగల్లేదు. డొరతీ తన తాత సంగతి చెప్పింది. చూశారా అని అడిగాడు అధికారి. తనకప్పుడు ఆరేళ్లనీ, ఇంట్లో ఉంచేశారనీ చెప్పింది. చూడలేదని రాసుకున్నాడు.

అప్పుడు స్టాంటన్ ఆల్బం తెరిచి అధికారి ముందు పెట్టాడు.

"నలభై ఏడో నంబరు సార్. దారి లేదు. ముళ్లపొద ఉంది. ముళ్లపొదలోంచి శవాన్ని మోసుకుపోతారా?"

ఎవరో నవ్వారు. అధికారి కళ్లజోడు సర్దుకున్నాడు.

"1908 అని ఎలా తెలుసు?"

"వెనక పోస్టాఫీసు ముద్ర ఉంది సార్."

"చూద్దాం" అన్నాడు హార్‌గ్రీవ్. బొటనవేలు అరలోకి పెట్టాడు.

"నేను తీస్తానుండండి, అంచులు నలుగు..."

అధికారికి అంచులతో పనేముంది? లాగాడు. నా చెల్లెలు వచ్చింది. ఆమె వీపుకు అతుక్కుని నేనూ వచ్చాను. బల్ల మీద బొమ్మ పైకి కనబడేట్టు పడ్డాను. ఆరేళ్ల తర్వాత పగటి వెలుతురు.

హార్‌గ్రీవ్ మమ్మల్నిద్దర్నీ పక్కపక్కన పెట్టుకున్నాడు. అదే గోపురం, అదే గోడ, అదే మబ్బు. ఒకదాంట్లో పొద. ఒకదాంట్లో మనుషులు. నన్ను తిప్పి చదివాడు.

"మిస్ ఎలెన్ టైసన్, స్కేల్‌రిగ్. ఎవరీవిడ?"

డొరతీ కర్ర మీద బరువేసి లేచింది. "మా మేనత్త."

"ఇక్కడ 'మీ నాన్నగారు' అని రాసి ఉంది. అంటే మీ తాతగారు. ఇందులో ముందు నలుగురు మగవాళ్లున్నారు. ఆయన వీళ్లలో ఎవరు?"

నన్ను ఆమె చేతికిచ్చారు. నా మూల మీద ఒక చుక్క పడింది. ఇప్పటికీ ఆ మచ్చ ఉంది.

"నలుగుర్లో లేడండీ" అంది. "పెట్టెలో ఉన్నాడు."

డొరతీ నన్ను తిరిగి బల్ల మీద పెట్టి కూర్చుంది.

స్టాంటన్ మొహం తెల్లబడింది కానీ మాట తడబడలేదు. "విత్తనాల పెట్టె సార్ అది. కూలీలు పొలంలోకి మోసుకొచ్చి అలిసిపోయి దించారు. ఆ రోజుల్లో మామూలే. వెనక రాత వేరే దేని గురించో. అందుకే అనవసరమని పక్కన పెట్టాను."

"పక్కన కాదు, వెనక" అన్నాడు హార్‌గ్రీవ్. కానీ ఆలోచనలో పడ్డాడు. పెట్టె చిన్నది, చిటికెనవేలి గోరంత. విత్తనాలదైనా కావచ్చు. హన్నా మర్యాద ఇక్కడ అడ్డం తిరిగింది.

వెనక వరసలోంచి వానకోటు లేచింది.

"మీరు సాక్షా?" అన్నాడు అధికారి.

"కాదండీ. మిస్ టైసన్ని కార్లో తీసుకొచ్చాను."

"అయితే కూర్చోండి."

"కూర్చుంటాను. మీరొకసారి ఆ బొమ్మలో పెట్టె కింద చూడండి. అది నేల మీద లేదు. గడ్డి పైన మోకాలెత్తున ఉంది. దేని మీదో పెట్టారు."

హార్‌గ్రీవ్ చెయ్యి చాచాడు. స్టాంటన్ తన భూతద్దం తానే ఇవ్వాల్సి వచ్చింది.

"మా వైపు కూడా పాడెను మధ్యదారిలో ఒకచోట దించుతారు" అంది అనసూయ. "అలిసిపోయి ఎక్కడపడితే అక్కడ దించరు. ఊరికి ఒకటే చోటు ఉంటుంది. దింపుడు కళ్లం అంటాం. అక్కడ దించి, అయినవాళ్లు చెవి దగ్గర వంగి పేరు పెట్టి మూడుసార్లు పిలుస్తారు. ఒకవేళ ప్రాణం ఇంకా ఉంటే పలుకుతారని. మా నాన్నను మా అన్నయ్య పిలిచాడు. నేను దూరం నుంచి చూశాను. విత్తనాల పెట్టె ముందు ఎవరూ టోపీలు తీయరండీ. దాని మీదికి వంగి ఎవరూ మాట్లాడరు. ఇక్కడ పిలిచే ఆచారం ఉందో లేదో నాకు తెలీదు. దించే చోటు మాత్రం ఉంది. మోయడానికి మూడు మైళ్లుంటే ఉండి తీరాలి. అది రాయైతే ఇంకా అక్కడే ఉంటుంది."

"అక్కడ రాయి లేదు" అన్నాడు స్టాంటన్. "నా పొలం నాకు తెలుసు."

హార్‌గ్రీవ్ గొడుగు తీసుకున్నాడు. "పదండి, చూద్దాం."

ఆ పొద్దున్న నన్ను సన్నటి తుప్పరలో, ఒక అట్టకు క్లిప్పుతో బిగించి, దిబ్బ మీదికి మోసుకెళ్లారు. డెబ్బై ఏళ్ల తర్వాత పుట్టినచోట నిలబడ్డాను. నాలో చర్చి గోపురం మొన సరిగ్గా మిల్లు పొగగొట్టం మీద కూర్చుని ఉంటుంది. హార్‌గ్రీవ్ నన్ను ఎదురుగా పట్టుకుని, ఒక అడుగు ఎడమకు, రెండడుగులు వెనక్కి జరిగాడు. మొన వచ్చి పొగగొట్టం మీద కూర్చుంది. అక్కడి నుంచి గోడ మలుపుకు సూటిగా వేలు చూపించాడు.

"అక్కడ వెతకండి."

స్టాంటన్ తాళం తీయక తప్పలేదు. గేటు కిర్రుమంది. వేటకోళ్లు ఒక్కసారిగా లేచి ఎగిరాయి. జనం పొలంలో చెల్లాచెదురుగా తిరిగారు. మోకాలెత్తు గడ్డి. పావుగంట. అరగంట. ఏమీ లేదు. స్టాంటన్ గడియారం చూసుకుంటున్నాడు. హార్‌గ్రీవ్ నన్ను తుడిచి కోటు లోపల పెట్టుకోబోయాడు.

డొరతీ ఎవరి మాటా వినకుండా డాక్టరు చెయ్యి పట్టుకుని నడిచి వచ్చింది. ఆయాసపడుతోంది. నాలుగడుగులకోసారి ఆగి, కర్ర నేలకు పొడిచి, మళ్లీ నడుస్తోంది. మెత్త. మెత్త. మెత్త.

ఠక్.

ఆమె కదల్లేదు. కర్ర ఎత్తి మళ్లీ పొడిచింది. ఠక్.

స్టాంటన్ పనివాడి చేత పార తెప్పించారు. పైన జానెడు మన్ను, గడ్డివేళ్లు. దుబ్బులు పక్కకు తోస్తే బల్లపరుపు రాయి బయటపడింది. ఆరడుగుల పొడవు, మోకాలెత్తు. దిబ్బ మీది నుంచి ఏళ్ల తరబడి జారిన మట్టి దాన్ని మింగేసింది. పైన రెండు చివర్లా పెట్టెలు ఆనీ ఆనీ అరిగిన రెండు గాడులు. వాననీళ్లు వాటిల్లోకి చేరుతున్నాయి. విత్తనాల పెట్టె ఒకటి ఒక్కసారి దించితే రాయి అలా అరగదు.

డొరతీ కర్ర కిందపడేసి, ఆ రాయి మీద కూర్చుంది.

"లేవలేరు మళ్లీ" అంది అనసూయ మెల్లిగా.

"తెలుసు. మీరు లేపుదురుగాని."

ఆరు వారాలకు ఉత్తరం వచ్చింది. దారి ప్రజలదేనని. గేటుకు తాళం ఉండరాదని. నేను మాత్రం చట్టప్రకారం స్టాంటన్ సొత్తునే కాబట్టి హార్‌గ్రీవ్ నన్ను ఆయనకే తిరిగి పంపాడు. స్టాంటన్ నన్ను కవరులో పెట్టుకుని స్కేల్‌రిగ్‌కు వెళ్లాడు. తారురోడ్డు మీదుగా కాదు, పొలాల దారిన నడిచి.

"ఇది మీది" అన్నాడు గుమ్మంలో నిలబడి.

డొరతీ నన్ను అటూ ఇటూ తిప్పి చూసింది. "మీ దగ్గరే ఉంచండి. నా దగ్గరుంటే మళ్లీ ఏ జాము పుస్తకంలోనో పెట్టి పారేస్తాను. అయితే ఒకటి. పొద వెనక కాదు. ముందు పెట్టండి."

ముందు పెట్టాడు. ఇప్పుడు చెల్లెలు నా వెనక ఉంది. ఆ అబద్ధం దాని తప్పు కాదు, చాకుది. అయినా దాని పొద నా వీపుకు తగిలినప్పుడల్లా అసహనంగానే ఉంటుంది.

మార్చిలో డొరతీ పోయింది. నేను వెళ్లలేదు, కార్డులు శవయాత్రలకు వెళ్లవు. కానీ ఆ రోజు స్టాంటన్ కెమెరా తీసుకుని దిబ్బ ఎక్కాడు. వారం తర్వాత ఒక కొత్త బొమ్మ తెచ్చి మా అరలోనే, నా పక్కన జొనిపాడు. అడుగున తన చేత్తో 47 అని రాశాడు. వరస తప్పడం ఆయన వల్ల కాదు.

అందులో అదే గోపురం, అదే పొగగొట్టం. గడ్డి మధ్య సన్నటి తెల్లటి దారి. నలుగురు మనుషులు పెట్టెను రాయి మీదికి దించి, టోపీలు తీసి నిలబడ్డారు. పెట్టె తలవైపు ఒక స్త్రీ వంగి ఉంది. పొడుగాటి వానకోటు, దాని కింద చీర కుచ్చెళ్లు, రబ్బరు బూట్లు. స్టాంటన్ దేన్నీ గీకలేదు, చెరపలేదు.

పిలవడం ఆ బొమ్మలో వినబడదు. నాలోనూ వినబడదు. మూడుసార్లు పిలవాలట. నాలో ఎలెన్ డెబ్బై ఏళ్లుగా మొదటి పిలుపు దగ్గరే ఉంది. తక్కిన రెండూ ఎప్పుడు పూర్తవుతాయోనని నేను ఇన్నేళ్లూ ఆరాటపడ్డాను. ఇప్పుడా పక్కబొమ్మలోని మనిషి అందుకుంది కాబట్టి కొంత నయం. కొంతే. మూడోది మిగిలి ఉంది.

అందుకే నేను ఆల్బంలో ఉన్నా నిద్రపోను. ఆదివారం చర్చి గంట కొట్టగానే, స్కేల్‌రిగ్ వాళ్లు ఆ దారిన వస్తున్నారేమోనని చెవి ఒగ్గుతాను. ఈ ఇంటి వెనకే ఆ గేటు. ఎవరైనా నడిస్తేనే కిర్రుమంటుంది. నాలుగు వారాలు ఎవరూ రాకపోతే గడ్డి పని మొదలుపెడుతుంది, అది నాకు తెలుసు.

ఈ పొద్దున్న చర్చి గంట కొట్టింది. నేను లెక్కపెడుతున్నాను. ఒకటి, రెండు.

గేటు కిర్రుమంది.